నలభై రెండు టిక్కులు

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే ఎస్తర్ టీచర్‌కు భయం. రాత్రంతా ఊరుకున్న మడమ నేల తాకగానే మేకు దిగినట్టు పొడిచేది. గోడ పట్టుకుని పది అడుగులు నడిస్తే గానీ ఆ పోటు సలుపుగా మారేది కాదు. భర్త శాంసన్ పోస్టాఫీసులో గుమాస్తా. ఆయన నిద్ర లేచేసరికి ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఉప్పు వేసిన వేన్నీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది.

ఇరవై ఏడేళ్లు నిలబడి పాఠం చెప్పిన కాళ్లవి. వీరపునాయునిపల్లె దగ్గర మొదలుపెట్టి, వేములలో పదకొండేళ్లు చేసి, ఎక్కడా ఆమె క్లాసులో కుర్చీలో కూర్చోలేదు. "కూచోని చెప్తే లెక్క పిల్లోల్లకు ఎక్కదు" అని కొత్తగా వచ్చిన టీచర్లకు బుద్ధి కూడా చెప్పేది. కిందటేడు బదిలీల్లో జమ్మలమడుగు దాటి ఆరు కిలోమీటర్ల లోపలున్న హైస్కూలు వచ్చింది. ప్రొద్దుటూరులోని ఇంటి నుంచి జమ్మలమడుగు దాకా బస్సు, ఆపైన ఆటో. బస్సులో సీటు దొరికిందంటే ఆ రోజు పండగే. బడిలో ఏడు పీరియడ్లలో ఐదు ఆమెవి. మిగిలిన రెండింటిలో మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు, పిల్లల హాజరు ఫోన్లో ఎక్కించాలి.

డాక్టరు ఎక్స్‌రే లైటుకు పెట్టి చూసి, "మడమ కింద ఎముక పెరిగింది మేడం. నిలబడడం తగ్గించండి" అన్నాడు.

"నేను టీచరును సార్."

"అయితే కూర్చుని చెప్పండి" అని ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

ఆ జూన్‌లో తొమ్మిదో తరగతి బి సెక్షనులో ఆమె మొదటిసారి కుర్చీ వేయించుకుంది. మొదటి వారం సిగ్గుపడింది. రెండో వారానికి ఇంటి నుంచి మెత్త తెచ్చుకుంది. బోర్డు మీద రాయడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి. "అచ్చరాలు ఎవరివి బాగుంటాయి?" అని అడిగిందో లేదో, చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, ఎవరూ పిలవకుండానే బోర్డు దగ్గరికి వచ్చి నిలబడింది.

ఆ పిల్ల పేరు ప్రియదర్శిని. ఆ ఏడే బడికి కొత్త. పులివెందుల పక్కన వాళ్లకుండిన చీనీ, అంటే బత్తాయి తోట ఎండిపోతే తండ్రి ఆదినారాయణ టిప్పరు నడపడానికి పోయాడు. తల్లి వెంకటరమణమ్మ పిల్లను వెంటబెట్టుకుని ఈ ఊరికి, పుట్టింటికి వచ్చింది. ముందు బెంచీలన్నీ అంతకు ముందే నిండి ఉండడంతో పిల్లకు చివరి బెంచీ మిగిలింది.

ఎస్తర్ కుర్చీలోంచి చెప్పేది, ప్రియదర్శిని రాసేది. ముక్కు బోర్డుకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడి, అచ్చు గుద్దినట్టు రాసేది. పీరియడు అయ్యేసరికి కనుబొమ్మల మీద కూడా సుద్దపొడి ఉండేది. "మొగానికి పౌడరు పూసుకుంటాండావే!" అని ఎస్తర్ నవ్వితే పిల్ల కూడా నవ్వేది. మిగిలిన టీచర్లు ఆ పిల్లను మొద్దు అనేవారు. సైన్సు నోట్సు రాయదు, సోషల్లో మ్యాపు చూపించమంటే నేల చూస్తుంది అని చెప్పుకునేవారు. "నా కాడ మాత్రం బంగారు. మనం చెప్పే దాంట్లో ఉంటాది" అని ఎస్తర్ లోలోపల కాస్త గర్వపడింది.

జులైలో పిల్లల కళ్ల పరీక్షలకు ఆర్డరు వచ్చింది. ముందు క్లాసు టీచరే చూడాలి. అక్షరాలు పై నుంచి కిందికి చిన్నవవుతూ పోయే ఒక చార్టు, కొలిచే టేపు, పేర్లు రాసే ఫారం ఇచ్చారు. పిల్లల్ని ఒక్కొక్కరిగా ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను మూయించి చదివించాలి, తర్వాత రెండో కన్ను. చదివిన వాళ్ల పేరు పక్కన టిక్కు, చదవలేని వాళ్ల పక్కన ఇంటూ గుర్తు పెడితే, ఇంటూ ఉన్నవాళ్లను తర్వాత డాక్టర్లు వచ్చి చూసి అద్దాలు ఇస్తారు.

ఎస్తర్ క్లాసులో నలభై రెండు మంది. ఫారం ఇవ్వాల్సిన రోజున ఆమె ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో నిలబడే వచ్చింది. మడమ నిప్పులో పెట్టినట్టుంది. చార్టు గోడకు తగిలించాలన్నా, టేపు పట్టి కొలవాలన్నా లేవాలి. నలభై రెండు మందిని, ఎనభై నాలుగు కళ్లను చూడాలంటే రెండు పీరియడ్లు నిలబడాలి. ఆమె చార్టు చుట్టకున్న రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. కుర్చీలో కూర్చుని గొంతెత్తింది.

"ఏం పిల్లోల్లారా, అందురికీ బోర్డు బాగా కనపడ్తాందా?"

"కనపడ్తాంది టీచర్!" అని క్లాసంతా ఒక్క అరుపు.

"ఎవురికన్నా కనపడ్డం లేదా?"

రెండు క్షణాలు ఆగిందో లేదో, పెన్ను తీసి, పై నుంచి కింది దాకా నలభై రెండు టిక్కులు పెట్టింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. హెడ్ మాస్టరు నిర్మలమ్మ ఆ ఫారం చూసి, "నీ క్లాసులో ఒక్కరికీ లేదే! అదృష్టవంతురాలివి ఎస్తరమ్మా" అంది. నెల తర్వాత వేరే క్లాసుల్లో పదకొండు మందికి కళ్లద్దాలు వచ్చాయి. వాటిని చూసినప్పుడు ఎస్తర్‌కు మనసులో ఏదో కలుక్కుమంది. బెల్లు మోగడంతో ఇంకో క్లాసుకు పోయింది.

అక్టోబరులో పరీక్షలు పెట్టారు. ప్రశ్నలు బోర్డు మీద రాయాలి. పరీక్ష రాసే పిల్ల చేత రాయించకూడదు గనుక ఎస్తర్ పళ్లు బిగబట్టి తనే రాసి, కుర్చీలో కూలబడింది. అరగంట గడిచింది. చివరి బెంచీలో ప్రియదర్శిని పక్కనున్న ఖమర్‌బీ పేపర్లోకి తొంగి చూసింది. ఎస్తర్ చూసీ ఊరుకుంది. పిల్ల మళ్లీ చూసింది. మూడోసారి మెడ చాచి మరీ చూసింది.

"ప్రియా! లెయ్!"

పిల్ల లేచింది.

"ఏం చూస్తాండావు ఆడ?"

"ప్రశ్న టీచర్..."

"ప్రశ్న యాడుంది? బోర్డు మీదుందా, ఖమర్‌బీ పేపర్లో ఉందా?"

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వుతో ఎస్తర్ కోపం ఇంకా పెరిగింది. తను చేరదీసిన పిల్ల, అందరి ముందు తను మెచ్చుకున్న పిల్ల, తన కళ్ల ముందే కాపీ కొడుతోంది. "నమ్మి నీ చేతికి సుద్దముక్క ఇచ్చినా గదే! రోజూ అంతసేపు నా ముందర నిలబడి నేర్చుకున్నెది ఇదా? దొంగబుద్ధి!" అంది. పేపరు తెప్పించుకుని ఎర్ర పెన్నుతో అడ్డంగా 'కాపీ' అని రాసింది. గంట కొట్టేదాకా పిల్లను వరండాలో నిలబెట్టింది. రేపు అమ్మను తీసుకుని రమ్మంది.

వెంకటరమణమ్మ మర్నాడు పత్తి తీసే పని మధ్యలో వదిలేసి వచ్చింది. జుట్టులో ఇంకా దూది పీచులున్నాయి. కూతురిని పక్కన పెట్టుకుని స్టాఫ్ రూం గడప దాటకుండా నిలబడింది. ఎస్తర్ కుర్చీలోంచి లేవకుండానే జరిగింది చెప్పింది. "ఈ వయసులోనే దొంగతనం నేర్చుకుంటే రేపు ఏమైతాదమ్మా? మీరు ఇంట్లో కనుక్కోవాల" అంది.

వెంకటరమణమ్మ పక్కకు తిరిగి కూతురి చెంప మీద కొట్టింది. వరండాలో నీళ్ల కుళాయి దగ్గరున్న పిల్లలందరూ ఆ దెబ్బ విని తిరిగి చూశారు. "తోట పాయ, ఊరు పాయ. మానం ఒక్కటే ఉన్నెది మాకు. దాన్ని గూడా తీస్తివా" అని తల్లి ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తూ నిలబడింది. "సర్లే, సర్లే, పొండి" అని ఎస్తర్ పుస్తకం తెరిచింది.

ఆ శనివారం ఎస్తర్ ఇంట్లో పేపర్లు దిద్దుతూ ప్రియదర్శిని పేపరు దగ్గర ఆగింది. సున్నా వేసి పక్కన పెట్టేద్దామనుకుంది. అయినా లెక్కల టీచరు కన్ను ఊరుకోదు. మొదటి లెక్క చూసింది. తను బోర్డు మీద రాసింది మూడు. పిల్ల ఎనిమిది అని ఎక్కించుకుంది. ఆ ఎనిమిదితోనే మొదలుపెట్టి, ఎక్కడా మెట్టు తప్పకుండా, చివరి దాకా సరిగ్గా చేసింది. రెండో లెక్కలో తను రాసిన ఆరు సున్నా అయింది. ఆ సున్నాతోనూ లెక్క సరిగ్గా వచ్చింది. మూడో లెక్క నుంచి అంకెలు మామూలుగానే ఉన్నాయి. ఎస్తర్ ఖమర్‌బీ పేపరు వెతికి పక్కన పెట్టుకుంది. ఖమర్‌బీ మూడో లెక్క తప్పు చేసింది, నాలుగోది ప్రశ్న మాత్రం ఎక్కించుకుని వదిలేసింది. ప్రియదర్శిని రెండూ చేసింది, రెండూ ఒప్పే.

కాపీ కొట్టిన పేపరు కాదది. పిల్ల పక్క పేపర్లో చూసింది ప్రశ్నలనే. "ప్రశ్న టీచర్" అని చెప్పింది కూడా.

ఎస్తర్ పెన్ను కింద పెట్టింది. ముక్కు బోర్డుకు ఆనించి రాసే పిల్ల, కనుబొమ్మల మీద సుద్దపొడి, నేల చూపులు, రాయని సైన్సు నోట్సు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. వాటి వెనకే నలభై రెండు టిక్కులు కూడా వచ్చాయి. ఇంట్లో ఎవరూ తనను చూడకపోయినా కొంగు మొహం మీదికి లాక్కుంది.

సోమవారం ఇంటర్వెల్‌లో పిల్లను ఒంటరిగా క్లాసులో ఉండమంది. స్టాఫ్ రూం బీరువాలోంచి చార్టు తెచ్చి రబ్బరు బ్యాండు తీసి గోడకు తగిలించింది. టేపు పెట్టి ఆరు మీటర్లు కొలిచి సుద్దతో గీత గీసింది.

"ఈడ నిలబడు. పై నుంచి చదువు."

పిల్ల అన్నింటికన్నా పెద్దగా ఉన్న పై అక్షరం చదివింది. రెండో వరుసకు కళ్లు చికిలించింది. "అలుక్కపోయింది టీచర్" అంది.

"ఎప్పట్నించీ ఇట్ల?"

"ఏడో తరగతి నించీ."

"నేను అడిగితిని గదా ఆ పొద్దు. ఎందుకు చెప్పలేదు?"

"అందురూ కనపడ్తాందని అరిసినారు టీచర్. నేను చెయ్యెత్తేలోపల మీరు రాసేసినారు."

ఎస్తర్ టేపు చుట్టసాగింది. పిల్లే చెప్పింది: "బోర్డు కాడికి వస్తే కనపడ్తాది. మీరు చెప్తాంటే విని రాస్తా. ఇంటికి పోయి యాదుండింది నోట్సులో ఎక్కించుకుంటా. అందుకే లెక్కలొకటే నాకు వచ్చేది."

ఎస్తర్ నేరుగా నిర్మలమ్మ గదికి పోయి జరిగిందంతా చెప్పింది. ఫారం నిండా అబద్ధం రాశానంది. నిర్మలమ్మ తలుపు దగ్గరికి వేసింది. "నువ్వొక్కదానివే చేసినావనుకుంటాండావా? ఇన్ని పనులు నెత్తిన పెడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఇప్పుడు కాగితం మీద పెడితే నీకూ నాకూ సంజాయిషీలు. పిల్లకు అద్దాలు ఇప్పించు. అంతటితో అయిపోతాది" అంది. ఆ మాట ఎస్తర్‌కు మెత్తగా, హాయిగా వినిపించింది. సరే అనేసింది.

ఆ గురువారం తల్లినీ పిల్లనూ ప్రొద్దుటూరుకు తీసుకుపోయి కళ్ల డాక్టరుకు చూపించింది. అద్దాలు వచ్చాక పిల్ల దుకాణం బయట నిలబడి ఎదురు వీధిలోని బోర్డులన్నీ ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా చదివింది. కరెంటు తీగ మీద పిట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టింది. వెంకటరమణమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని రోడ్డు మీదే ఎస్తర్ కాళ్లకు వంగింది. "దేవతవి తల్లీ నువ్వు. కన్నదాన్ని, నాకే తెలీలా. నీకు తెలిసె" అంది. ఎస్తర్ వెనక్కి జరిగింది. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. "లెయ్యమ్మా, బస్సుకు టైమయింది" అని మాత్రం అనగలిగింది.

నిర్మలమ్మ అద్దాలు పెట్టుకున్న పిల్ల పక్కన ఎస్తర్‌ను నిలబెట్టి ఫొటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి అరవై చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఆదివారం చర్చిలో పాస్టరు ఆనందయ్య ప్రసంగం మధ్యలో ఆగి, "మన సంఘంలో ఒక సహోదరి గుడ్డిదైపోతున్న బిడ్డకు చూపు ఇచ్చింది" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగి చూశారు. ఎస్తర్ తల వంచుకుంది. వినయమనుకున్నారు. పక్కన కూర్చున్నావిడ ఎస్తర్ చెయ్యి పట్టుకుని నొక్కింది. అద్దాలు రావడానికి మూడు నెలలు ఆలస్యమైంది తన వల్ల. ఆ పిల్ల చెంప మీద దెబ్బ పడింది తన వల్ల. ఇప్పుడు పొగడ్తలు కూడా తనకే వస్తున్నాయి. పాట మొదలవగానే ఆమె లేచి బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది.

"నాకు చెప్తే ఏమొస్తాది ఎస్తర్? ఎవురికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు" అన్నాడు శాంసన్.

మర్నాడు మొదటి పీరియడులో ఆమె కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "పోయిన పరీక్షలో ప్రియదర్శిని కాపీ కొట్టలేదు. దానికి బోర్డు కనపడక ప్రశ్న చూసుకునింది. కాపీ అన్నెది నేను. దొంగ అన్నెది నేను. మీ కండ్లు చూడమని నాకు చెప్పినారు. నేను చూడకుండానే చూసినానని రాసినా. తప్పు నాది" అంది. నలభై రెండు మందిలో ఒక్కరూ కదలలేదు. ప్రియదర్శిని మాత్రం అద్దాలు తీసి పావడాకు తుడుచుకుంటూ, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

ఆ సాయంత్రం పిల్ల వెంట ఇంటికి పోయింది. వెంకటరమణమ్మ నవ్వుతూ ఎదురొచ్చి మంచం వాల్చింది, లోటాతో నీళ్లు ఇచ్చింది. ఎస్తర్ కూర్చోకుండానే చెప్పేసింది. చెబుతూ ఉంటే తల్లి మొహంలో నవ్వు పోయింది.

"అంటే, జులైలోనే తెలిసి ఉండాల్సిందా?"

"అవునమ్మా."

"తెలిసి ఉంటే ఆ పొద్దు పరీక్షలో అట్ల చూసుకునేది కాదు."

"కాదు."

వెంకటరమణమ్మ కాసేపు కూతురి వైపు చూసింది. "నా చేత నా బిడ్డను కొట్టిస్తివి గదమ్మా" అంది. అరవలేదు. అరిచి ఉంటే ఎస్తర్‌కు కాస్త తేలికయ్యేది. "క్షమించమ్మా" అంటే, "చీకటి పడ్తాది, పోయిరా" అని లోటా తీసుకుని లోపలికి పోయింది.

ఎస్తర్ తన తప్పును కాగితం మీద కూడా పెట్టింది. నిర్మలమ్మ నాలుగు రోజులు ముఖం చాటేసి, చివరికి సంతకం చేసి పై ఆఫీసుకు పంపింది. మెమో వచ్చింది. సంజాయిషీలో ఎస్తర్ మడమ సంగతి రాయలేదు. ముందు రాసింది, మళ్లీ చదువుకుని ఆ రెండు వాక్యాలు కొట్టేసింది. చార్టు గోడకు తగిలించి క్లాసునంతా ఈసారి నిజంగా చూసింది. రెండు పీరియడ్లు కాదు, మూడు రోజులు పట్టింది. అలిసిపోయినప్పుడు కూర్చుంది, మళ్లీ లేచింది. ఇంకో ముగ్గురు బయటపడ్డారు. అందులో ఒకరు రోజూ ముందు బెంచీలో, ఆమె కుర్చీకి రెండు గజాల దూరంలో కూర్చునే రిజ్వాన్. వాడికి కుడి కన్ను దాదాపు కనిపించదు.

ప్రియదర్శిని మళ్లీ బోర్డు దగ్గరికి రాలేదు. ఒకసారి పిలిస్తే, "ఈడ్నించే కనపడ్తాంది టీచర్" అంది మర్యాదగా. సైన్సు టీచరు ఆ పిల్లను మెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఎస్తర్ అడిగిన ప్రశ్నలకు ప్రియదర్శిని జవాబు చెప్పేది, అడగని మాట ఒక్కటీ చెప్పేది కాదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో ఎస్తర్‌కు ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు నిండిపోయాక వెంకటరమణమ్మ రెండు సంచులతో ఎక్కి, సరిగ్గా ఆమె సీటు పక్కనే వచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎస్తర్ గబుక్కున లేవబోయింది.

"కూచో వెంకటరమణమ్మా. నేను నిలబడ్తా."

వెంకటరమణమ్మ సంచులు కాళ్ల మధ్య సర్దుకుని, పైనున్న కడ్డీ పట్టుకుంది. "వద్దులే మేడం. నీకు కాలు నొప్పంట గదా. పిల్ల చెప్పింది" అంది.

జాలితో అన్నదో, దెప్పడానికే అన్నదో ఎస్తర్‌కు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. "ఒక సంచి అన్నా ఇట్లియ్యి" అంది. వెంకటరమణమ్మ కాసేపు ఆగి, చిన్న సంచి ఆమె ఒళ్లో పెట్టి, ప్రొద్దుటూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.